చిమ్నీలో చల్లమిరపకాయలు

మొన్న మా డార్మ్‌స్టాట్ ఇంటికి చిమ్నీలు తుడిచే ఆయన వచ్చి, ఇక మీదట తాను రావాల్సిన అవసరం లేదని చెప్పి వెళ్లాడు. పాత గ్యాసు బాయిలరు తీయించేసి హీట్ పంపు పెట్టించుకున్నాం. పొగే లేని ఇంట్లో ఆయనకు పనేముంది? ఆయన చెయ్యి ఊపి మెట్లు దిగిపోతుంటే నాకు ఎందుకో దగ్గరి చుట్టం ఒకరు రాకపోకలు మానేసినట్టు దిగులేసింది. ఈ దేశంలో మన గుమ్మంలోకి పిలవకుండా వచ్చే మనిషి ఆయనొక్కడే. స్నేహితులు భోజనానికి రావాలన్నా టెర్మిన్ కావాలి, అంటే ముందే రోజూ వేళా ఖాయం చేసుకోవాలి. మా అమ్మాయి దీవెన కూడా ఇంట్లో ఉన్నామో లేదో అడిగి మరీ వస్తుంది. చిమ్నీ ఆయన మాత్రం తలుపుకి చీటీ అంటించి, ఫలానా రోజు ఫలానా వేళకి వస్తున్నాను, ఇంట్లో ఉండండి అంటాడు. ఉండకపోతే చట్టం ఊరుకోదు. నేను దిగులుగా ఉన్నానని చూసి దీవెన, ఒక షోర్న్‌స్టైన్‌ఫేగర్ కోసం బాధపడే మనిషిని నిన్నే చూస్తున్నానమ్మా అని జర్మన్‌లో నవ్వింది. నవ్వదూ మరి. అది పుట్టిన ఏడాది చలికాలంలో ఏం జరిగిందో దానికి ఎవరు చెప్పారు గనక.

అప్పట్లో మేం క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో ఉండేవాళ్లం. హార్జ్ కొండల మీద చిన్న ఊరు. ఆ ఊళ్లో చెప్పుకోదగ్గవి రెండే, ఒకటి యూనివర్సిటీ, రెండోది వాన. వాన లేని రోజున పొగమంచు, అదీ లేని రోజున ముంగిట్లో మోకాలి లోతు మంచు. మా ఆయన ప్రసాద్ అక్కడ లోహాల మీద పరిశోధన చేసేవాడు. అదేమిటని అడిగితే ఓపిగ్గా చెప్పేవాడు గానీ, విన్నాక కూడా నాకేమీ తెలిసేది కాదు. నేను బ్యోబ్లింగెన్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తూ, ప్రసవం సెలవులో ఉన్నాను. మా ఇల్లు ఆ ఊరి పాత ఇళ్లన్నిటిలాగే చెక్క ఇల్లు. గోడలు చెక్క, మెట్లు చెక్క, బయట తొడుగు కూడా చెక్కే. ఒక గదిలో నడిస్తే చప్పుడు ఇంకో గదిలో వచ్చేది. కింద ఇంటావిడ ఫ్రావ్ హార్ట్‌విగ్, పైన మేము, మా నెత్తి మీద అటక.

ఫ్రావ్ హార్ట్‌విగ్ ఎనభై దాటిన మనిషి. ఒంట్లో ఎముకలూ పట్టుదలా తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆ ఇంట్లో హీటర్లు గట్రా ఏమీ పెట్టించలేదావిడ. కింద ఆవిడ ముందు గదిలో నేల నుంచి పైకప్పు దాకా ఆకుపచ్చ పింగాణీ పలకల పొయ్యి ఒకటి ఉండేది. దాని చిమ్నీ మా పడకగది గోడలోంచి పైకి పోయేది. పొయ్యి వెలిగితే మా గోడ కాగేది, గోడ కాగితే మేం బతికేవాళ్లం. అంతే ఏర్పాటు. ప్రసాద్ ఒకసారి కరెంటు హీటర్లు రెండు కొనుక్కొచ్చాడు. రెండూ పెడితే ఫ్యూజు కొట్టేసేది, ఒకటి పెడితే ఆ హీటరు తప్ప గదిలో ఇంకేదీ వెచ్చబడేది కాదు. పొద్దున్నే కింద ఇనుప తలుపు కిర్రుమన్న చప్పుడు, ఆవిడ బిర్చి కట్టెలు పేరుస్తున్న చప్పుడు, కాసేపటికి మెట్ల మీదుగా కాలిన బెరడు వాసన. ఆ వాసన తగిలితేనే నేను దుప్పట్లోంచి చెయ్యి బయట పెట్టేదాన్ని.

మా అత్తయ్య కరుణమ్మ ప్రసవానికి సాయమని చీరాల నుంచి వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే విమానాలు ఆగిపోయాయి. మా అమ్మ రావాల్సిన వంతు అది, ఆమెకి మోకాళ్ల ఆపరేషను పడటంతో ఈవిడ వచ్చింది. చుట్టపు చూపుగా వచ్చిన అత్తగారు ఒక దేశం మొత్తం తలుపులేసుకోవడం వల్ల మనింట్లో ఉండిపోవడం ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పొద్దున లేస్తూనే ప్రార్థన చేసుకుని, ఆ ప్రార్థనలో నా వంట గురించి కూడా దేవుడికి విన్నవించేది, నాకు వినపడేంత గొంతుతో. నేను పథ్యం తప్పుతానేమోనని ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. మేం క్రైస్తవులం, శకునాలు నమ్మం అని అందరికీ చెప్పేది. చెప్పి, వెనక్కి పిలిస్తే మాత్రం చెప్పులు విప్పి కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి బయల్దేరేది.

ఆవిడకీ ఫ్రావ్ హార్ట్‌విగ్‌కీ మధ్య జరిగిన యుద్ధం పేరు గాలి. జర్మన్లకి మామూలుగానే రోజూ కిటికీలు బార్లా తెరిచి లుఫ్టెన్ చేసుకోవడం ఒక వ్రతం. కరోనా వచ్చాక టీవీలో కూడా అదే చెప్పడం మొదలుపెట్టారు. దాంతో ఇంటావిడ పొద్దునా సాయంత్రం మెట్ల దగ్గర కిటికీలన్నీ తెరిచేది. అత్తయ్య వెనకాలే వెళ్లి ఒక్కొక్కటీ మూసేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు కాబట్టి ఎంత మాట అనుకున్నా మర్యాదగానే ఉండేది. అప్పటి నిబంధనల ప్రకారం రెండు కుటుంబాలు ఒక గదిలో కూర్చోకూడదు. అందుకని ఫ్రావ్ హార్ట్‌విగ్ మెట్ల మధ్యలో సుద్దతో గీత గీసింది. కింది మెట్టు మీద ఆవిడ, గీతకి ఇవతల పై మెట్టు మీద మేము. అదే మా ముందు గది, అదే మా కాఫీ హోటలు. పాపకి స్నానం చేయించాక అత్తయ్య సాంబ్రాణి వెయ్యడానికి నిప్పులు అడిగేది. ఇంటావిడ పొయ్యిలోంచి రెండు కణికలు చిన్న పారలో తెచ్చి గీత మీద పెట్టి వెనక్కి జరిగేది. సాంబ్రాణి పొగ మెట్ల మీదికి రాగానే కళ్లు మూసుకుని చిన్నప్పటి చర్చి వాసన అనేది. కిటికీల సంగతి ఆ ఐదు నిమిషాలు ఇద్దరూ మర్చిపోయేవాళ్లు.

ఇంత జరుగుతున్నా అత్తయ్య మనసంతా చీరాలలోనే ఉండేది. చిన్న కొడుకు కిరణ్ పెళ్లి. అమ్మ వచ్చేదాకా ఆగుదామని అతను రెండుసార్లు వాయిదా వేశాడు. అమ్మాయి తరఫు వాళ్లు ఇక ఆగలేమన్నారు, తప్పు పట్టలేం. చివరికి జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్లే ప్రత్యేక విమానంలో ఆవిడకి ఒక సీటు దొరికింది. ప్రసాద్ ఎన్ని ఫోన్లు చేశాడో, ఎంతమందిని బతిమాలాడో. సీటు దొరికిందని చెప్పిన రోజున ఆవిడ ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. ఆవిడ కొడుకు పెళ్లి చూడబోతున్నందుకు ఏడ్చింది, నేను ఫ్రిజ్ తలుపు నా ఇష్టానికి తెరవబోతున్నందుకు ఏడ్చాను. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు, ఆ వయసులో ఏ కోడలైనా ఏడుస్తుంది.

వెళ్లేలోపు మాకోసం చల్లమిరపకాయలు పెట్టి పోవాలని ఆవిడ తీర్మానించుకుంది. నేను పోయినాక పెరుగన్నంలోకి మీకు దిక్కెవరని ఆవిడ బాధ. గ్యోటింగెన్‌లో ఉన్న మనవాళ్ల కొట్టు నుంచి పోస్టులో పచ్చిమిరపకాయలు తెప్పించింది. గాటు పెట్టి, ఉప్పేసిన మజ్జిగలో ఊరేసింది. ఇక ఎండబెట్టాలి. ఎండ ఏదీ? హార్జ్ కొండల మీద జనవరిలో సూర్యుడు ఆఫీసుకి సంతకం పెట్టడానికి మాత్రం వచ్చి పోయేవాడు. కిటికీ బయట పళ్లెం పెడితే మంచు పడి మిరపకాయలు గడ్డకట్టాయి. గోడకి ఆనించి పెడితే పడకగదిలో పాప తుమ్మింది. రెండు రోజులు పళ్లెం పట్టుకుని ఇల్లంతా తిరిగిన ఆవిడ మూడో రోజున ఉన్నట్టుండి తిరగడం మానేసింది. మిరపకాయలు ఏవని నేను అడగలేదు. పారబోసి ఉంటుందనుకున్నాను.

అటక మీద చిమ్నీ పక్కన మనిషి నిలబడేంత గది ఒకటి ఉండేదని ఇక్కడ చెప్పాలి. ఫ్రావ్ హార్ట్‌విగ్ భర్త బతికున్న రోజుల్లో పంది తొడలూ సాసేజీలూ అందులో వేలాడదీసి పొగపట్టేవాడట. చిమ్నీ గోడలో ఒక మూత ఉండేది, అది తెరిస్తే పొగ ఆ గదిలోకి వచ్చేది. గదికి ఇనుప తలుపు, లోపల వరసగా కొక్కేలు. ఆయన పోయాక అది ఎవరూ వాడలేదు. అంతకు ముందు శరదృతువులో చిమ్నీ ఆయన హెర్ బ్రాండెస్ వచ్చి చూసి, ఈ మూత పాతబడింది, మూసి ఉన్నంత వరకూ సరే గానీ ఇంకోసారి దీన్ని తెరిచినట్టు కనిపిస్తే మాత్రం ఇక్కడ ఇటుకలతో కట్టేసేదాకా కింద పొయ్యి వెలిగించకుండా సీలు వేస్తానని ఇంటావిడకి గట్టిగా చెప్పి వెళ్లాడు. ఆ రోజుల్లో మేస్త్రి దొరకాలంటే వసంతం రావాలి. ఈ సంగతి ఫ్రావ్ హార్ట్‌విగ్ నాతో మెట్ల మీద చెప్పింది. నేను అత్తయ్యకి చెప్పలేదు. అరవై దాటిన మనిషి నిచ్చెన లాంటి మెట్లెక్కి అటక మీద ఇనుప తలుపులు తెరుస్తుందని నాకేం తెలుసు?

ఆవిడ ఎక్కింది. లోపల వెచ్చగా, పొడిగా, కొక్కేలతో సహా ఒక గది దొరికితే చీరాల మనిషి ఏం చేస్తుంది? మిరపకాయల్ని సూదీ దారంతో దండలు గుచ్చి, కొక్కేలకి వేలాడదీసింది. ఇంకాస్త వేడి తగలాలని చిమ్నీ మూత తెరిచింది. అక్కడితో ఆగితే బాగుండేది. లోపల గొట్టంలో ఇంకా వెచ్చగా ఉందని కనిపెట్టి, నాలుగు దండలు నేరుగా చిమ్నీలోకే దించి, కొసలు మూతకి కట్టింది. ఇదంతా మాకు ఆశ్చర్యంగా ఉండాలని రహస్యంగా ఉంచింది. ఆశ్చర్యపడ్డాం.

ఆవిడ విమానానికి ముందు రోజు హెర్ బ్రాండెస్ వస్తున్నట్టు చీటీ అంటించాడు. ఊరంతా తలుపులు మూసుకుని ఉన్నా చిమ్నీ తుడవడం ఆగలేదు. ఏ ఇంట్లోకీ ఎవరూ పోకూడని ఆ రోజుల్లో అన్ని ఇళ్లలోకీ పోగలిగిన మనిషి ఆయనే కాబట్టి ఊళ్లో సినిమా హీరోలా వెలిగిపోయేవాడు. నల్ల కోటు, బంగారు రంగు గుండీలు, భుజాన చుట్టచుట్టిన తీగ, తీగ చివర బ్రష్షూ ఇనుప గుండూ. ఇక్కడి వాళ్లకి కొత్త సంవత్సరంలో చిమ్నీ మనిషిని తాకితే అదృష్టం. అప్పుడేమో ఎవరూ ఎవరినీ తాకకూడదు. ఫ్రావ్ హార్ట్‌విగ్ అందుకు ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. ఆయన గుమ్మంలోకి రాగానే చీపురు కర్ర చాపి, దూరం నుంచే కోటు గుండీని పొడిచింది. ఆయన అలవాటైన వాడిలా ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు కాబోలు, గుండీల మీద చిన్న చిన్న సొట్టలున్నాయి. నల్ల బట్టల్లో బ్రష్షు మోసుకుంటూ పొద్దున్నే ఎదురైన మనిషిని చూసి అత్తయ్య మొహం చిట్లించి, శకునాలు నమ్మం కాబట్టి ఏమీ అనకుండా లోపలికి పోయింది.

తుడవాలంటే పొయ్యి చల్లారి ఉండాలి. ముందు రోజు నుంచే ఆర్పేశాం. ఆ ఒక్క పూటకే ఇల్లు ఎలా తయారైందంటే మేం మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వచ్చేది. పాపకి ఉన్న బట్టలన్నీ తొడిగి, పైన ప్రసాద్ మంకీ క్యాపు పెట్టాం. హెర్ బ్రాండెస్ బయటి నిచ్చెన మీదుగా పైకప్పు ఎక్కి గుండు దించాడు. గోడలో బరబరమని చప్పుడు. ముందు అటక చూడకుండా పైకప్పు ఎందుకెక్కాడంటే మళ్లీ మంచు పడేలా ఉందని. ఆ బ్రష్షు అత్తయ్య కట్టిన దండలు నాలుగింటినీ ఊడ్చుకుంటూ కిందికి పోయింది. పొయ్యి గొట్టం చిమ్నీలో కలిసే మలుపు దగ్గర అవి ఇరుక్కున్నాయి. ఆయన పైనుంచి దిగి వచ్చి చిమ్నీ అడుగున మసి ఎత్తాలి, అటక చూడాలి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించాలి. కానీ ఆయన నిచ్చెన దిగుతుండగానే ఫ్రావ్ హార్ట్‌విగ్ చలికి ఆగలేక, ఎండు పుల్లలు పేర్చి అగ్గిపుల్ల గీసేసింది.

ఆ వాసన ఏమిటో తెలుగింట్లో పుట్టిన వాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. పోపులో మిరపకాయలు మాడితే వీధి వీధంతా దగ్గుతుంది. ఇక్కడ మాడింది పోపు గరిటె కాదు, మూడంతస్తుల చిమ్నీ. పొగ పైకి పోయి, తెరిచి ఉన్న మూతలోంచి అటకలోకి వచ్చి, అటక నుంచి మెట్ల మీదుగా దిగింది. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ పైకప్పు వైపు చూసింది. అంతే, నాకు మొత్తం అర్థమైపోయింది. పాపని దుప్పట్లో చుట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. నా వెనక ప్రసాద్, అత్తయ్య, చీపురు వదలకుండా ఫ్రావ్ హార్ట్‌విగ్. అందరం మంచులో నిలబడి, కళ్లూ ముక్కులూ కారిపోతూ, పొట్ట పట్టుకుని దగ్గుతున్నాం. మమ్మల్ని రక్షిద్దామని లోపలికి పరిగెత్తిన హెర్ బ్రాండెస్ రెండో నిమిషంలో బయటికొచ్చి మాతో కలిశాడు. జీవితమంతా పొగలో గడిపిన మనిషి, అలాంటి పొగ ఎప్పుడూ చూడలేదని దగ్గు మధ్యలో చెప్పాడు. పాప ఒకసారి తుమ్మి నిద్రపోయింది.

మాస్కుల్లేకుండా మూడు ఇళ్ల మనుషులు ఒకచోట చేరి వీధిలో దగ్గుతున్నారు. ఆ ఏడాది అంతకన్నా ఘోరమైన దృశ్యం ఉండదు. ఎదురింటి పెద్దాయనకి లాక్‌డౌన్‌లో కిటికీ తప్ప వేరే కాలక్షేపం లేదు. ఆయన ఫోన్ చేశాడు. జనం గుంపులు కట్టకుండా చూడటానికి తిరిగే ఊరి ఆఫీసు కారు అప్పటికే మా వీధి చివర ఉన్నట్టుంది, వెంటనే వచ్చింది. అందులోంచి ఒక అమ్మాయీ ఒక పెద్దమనిషీ దిగి, చాలా దూరంలో ఆగి, ఏమైందని అరిచి అడిగారు. చెప్పేలోపు గాలి అటు తిరిగి వాళ్లకీ దగ్గొచ్చింది. మాస్కుల్లోపల దగ్గుతూ, వాళ్లు కారు వెనక్కి పోయి నిలబడ్డారు.

ఆ అమ్మాయి అడిగింది ఒకటే ప్రశ్న. ఇది పొగా, జబ్బా? పొగ అయితే తనకి పని లేదు, హెర్ బ్రాండెస్ చూసుకుంటాడు. పొగ కాదంటే మాత్రం ఇంతమంది దగ్గుతున్న ఇంటిని పరీక్షల ఫలితం వచ్చేదాకా మూసెయ్యాలి, ఎవరూ గడప దాటకూడదు. అందరం హెర్ బ్రాండెస్ వైపు చూశాం. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పొగో కాదో చెప్పాలంటే నేను అటక మీదికి పోయి చూడాలి, చూసింది చూసినట్టు రాయాలి అన్నాడు. ఆ మాటంటూ ఫ్రావ్ హార్ట్‌విగ్ వైపు చూడలేదు. అటక మీద తెరిచిన మూత కనిపిస్తుంది, పొయ్యికి సీలు పడుతుంది, వసంతం దాకా ఆ చెక్క ఇంట్లో నిప్పు ఉండదు. కింద ఎనభై ఏళ్ల మనిషి, పైన నెలల బిడ్డ. హోటళ్లు మూసి ఉన్నాయి, ఇంకొకరింటికి పోవడానికి వీల్లేదు.

ఏమంటున్నారని అత్తయ్య నన్ను అడిగింది. పొగ అంటే పొయ్యి పోతుంది, జబ్బు అంటే మనం లోపల ఉండిపోవాలి అని రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ దుప్పటి తొలగించి పాప కాళ్లు పట్టుకుని చూసింది. మళ్లీ కప్పింది.

"దగ్గు నాదని చెప్పమ్మాయ్. రాత్రి నించీ జొరం కూడా ఉందని చెప్పు."

"రేపు మీ ఫ్లైటు అత్తయ్యా" అన్నాను.

"నాకు తెలవదా?"

ప్రసాద్ కలగజేసుకుని కిరణ్ పెళ్లి అని ఏదో అనబోయాడు. ఆవిడ కొడుకు వైపు తిరగలేదు. "పసిదాని కాళ్లు మంచుగడ్డల్లా ఉండాయి. పొయ్యి లేకపోతే ఇది ఏమయిద్దో ఎవరు చెప్పగలరు? వాడికి పెళ్లి నేను లేకపోయినా అయిద్ది. చెప్పు, ఆ పిల్ల చలిలో నిలబడి ఉంది."

నేను చెప్పాను. ఈ దేశంలో ఎన్ని ఇంటర్వ్యూల్లో, ఎన్ని ఆఫీసుల్లో ఎంత జర్మన్ మాట్లాడానో గానీ, ఆ రెండు వాక్యాలంత కష్టంగా ఏదీ నా నోట్లోంచి రాలేదు. ఆ ఉదయం దాకా ఆవిడ ఎప్పుడు వెళ్తుందా అని గడియారం చూసుకున్నదాన్ని నేనే. ఇప్పుడు ఆవిడ వెళ్లకుండా ఆపే మాట నా చేతే చెప్పించింది. నాకు ఏడుపొచ్చింది. మిరపకాయల పొగ వల్ల అందరూ ఏడుస్తూనే ఉన్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

హెర్ బ్రాండెస్ వెంటనే మాస్కు ముక్కు మీదికి లాక్కుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. జ్వరం ఉన్న మనిషి ఇంట్లోకి పోవడానికి తనకి అనుమతి లేదని, కాబట్టి అటక తను చూడలేదని, చూడనిది రాయలేనని, తనిఖీ వసంతంలో పూర్తి చేస్తానని ఆఫీసు వాళ్లకి వినపడేలా గట్టిగా చెప్పాడు. ఇప్పుడే మాతో కలిసి దగ్గాడు కాబట్టి ఆయన్ని కూడా ఇంటికి పోయి తలుపేసుకోమన్నారు. పోతూ పోతూ, ఎవరివైపూ చూడకుండా, ఏదో ఒక ఇంట్లో చిమ్నీలో ఏమైనా వేలాడుతుంటే తీసేసి, మూత బిగించి, గొట్టం మలుపులో ఇరుక్కున్నది కూడా లాగేశాకే పొయ్యి ముట్టించాలని చలిగాలికి చెప్పి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ప్రసాద్ అదంతా చేశాడు. సాయంత్రానికి గోడ వెచ్చబడింది.

ఫలితం మంచిదే వచ్చింది, విమానం వెళ్లిపోయాక. తర్వాతి విమానం ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోయారు. క్వారంటైన్ వల్ల ఒక విచిత్రమైన లాభం జరిగింది. ఆఫీసు లెక్కల్లో మేమంతా ఒకే ఇంటి వాళ్లం అయిపోయాం. ఫ్రావ్ హార్ట్‌విగ్ తడిగుడ్డ తెచ్చి మెట్ల మీది సుద్ద గీతని తనే తుడిచేసింది. ఆ తర్వాత ఆ గీత మళ్లీ ఎవరూ గీయలేదు. పెళ్లి రోజు పొద్దున్నే అత్తయ్య పట్టుచీర కట్టింది, లోపల ఉన్ని ప్యాంటు, పైన స్వెట్టరు, కాళ్లకి మేజోళ్లు. ఆకుపచ్చ పొయ్యి ముందు ల్యాప్‌టాప్ పెట్టి కూర్చున్నాం. ఇంటావిడ కూడా ముత్యాల దండ వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చి అత్తయ్య పక్కన కూర్చుంది. చర్చి కనిపించింది, పాస్టరు గారు కనిపించారు, మాస్కులో కిరణ్ కనిపించాడు. సరిగ్గా ప్రమాణాల దగ్గరికి వచ్చేసరికి నెట్ ఆగిపోయింది. తెర మీద, కెమెరాకి అడ్డొచ్చిన వంటవాడు గంగాళం మోసుకుపోతున్న బొమ్మ దగ్గర నిలిచిపోయింది. అత్తయ్య కదల్లేదు. చెయ్యెత్తి, కళ్లు మూసుకుని, ఆ వంటవాడి వీపుకి ఎదురుగా కొడుకునీ కోడల్నీ పేరుపేరునా దీవించి ప్రార్థన చేసింది. ఆమెన్ అని ఫ్రావ్ హార్ట్‌విగ్ అంది. నేను నోరు నొక్కుకున్నాను, నవ్వొచ్చో ఏడుపొచ్చో నాకే తెలియదు.

వసంతంలో హెర్ బ్రాండెస్ వచ్చాడు, మేస్త్రి వచ్చాడు, ఆ గదిని ఇటుకలతో కట్టేశారు. అత్తయ్య ఆ ఎండాకాలం చివర్లో ఇంటికి వెళ్లింది. అప్పటికి నేను ఆవిడ చేతి కాఫీ లేకుండా పొద్దు గడవని మనిషినైపోయాను. మేం ఆ చలికొంప వదిలి డార్మ్‌స్టాట్ వచ్చేశాం. ఇప్పుడు మా ఇంట్లో గోడకి ఒక గాజు బిళ్ల ఉంటుంది, దాన్ని వేలితో తోస్తే ఇల్లంతా వెచ్చబడుతుంది. కట్టె లేదు, బూడిద లేదు, ఎవరి ముందూ పార పట్టుకుని నిప్పులు అడగక్కర్లేదు. బాగానే ఉంది. ఇంట్లో ఎవరికైనా చలేస్తే అది వాళ్లొక్కరి సంగతి. ఆ రోజుల్లో ఒకరికి చలేస్తే ఇల్లంతా లేచి ఏదో ఒకటి చేసేది.

కిరణ్‌కి మాత్రం మా ఇంట్లో ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. అత్తయ్య మా దగ్గర ఒట్టు వేయించుకుంది. మిరపకాయలు మాడి అందరికీ దగ్గొచ్చింది, వాళ్లు నమ్మక తాళం వేశారు, అంతవరకే అతనికి తెలుసు. చల్లమిరపకాయల కోసం నా పెళ్లి మానేసిన తల్లి అని అతను ఏ వేడుకలో కలిసినా మొదలుపెట్టేవాడు, చుట్టాలంతా పగలబడి నవ్వేవాళ్లు. విస్తట్లో చల్లమిరపకాయ పడితే చాలు, ఆ కథ మళ్లీ వచ్చేది. ఏళ్ల తరబడి. ఆవిడ కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒకసారి చీరాలలో ఆవిడ జుట్టుకి నూనె రాస్తూ, నాకు వినలేకుండా ఉంది అత్తయ్యా, చెప్పెయ్యొచ్చు కదా అన్నాను.

"చెప్పమాక" అంది. "చెప్తే నీ కూతురు ఎదురొచ్చినప్పుడల్లా వాడికి పెళ్లిలో నా ఖాళీ కుర్చీ గుర్తొచ్చిద్ది. ఇట్టా అయితే నా మిరపకాయలు గుర్తొస్తాయి. నవ్వుకోనీ."

ఆవిడ పోయినప్పుడు, ఆదరణ కూటంలో కూడా కిరణ్ అదే కథ చెప్పాడు. చర్చి నిండా జనం ఏడుపు ఆపి నవ్వారు. దీవెన అందరికంటే గట్టిగా నవ్వింది. ఇప్పుడిక ఆవిడ లేదు, ఒట్టుకి కాలం చెల్లిందని నాకు నేను చెప్పుకుని ఇది రాశాను. అచ్చుకి ఇచ్చే ముందు నిన్న కిరణ్‌కి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. లైను తెగిందేమోనని రెండుసార్లు పిలిచాను.

"ఉన్నాను వదినా" అన్నాడు. "ఆ తర్వాత పాపకి చలెయ్యలేదు కదా?" అని అడిగాడు.

"వెయ్యలేదు కిరణ్" అన్నాను.